నల్ల మెట్ల మీదికి చేరిన చేయి: బ్లాక్ కీస్ కొత్త ఆల్బమ్ విన్నాక

అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన బ్లాక్ కీస్ బ్యాండు పదమూడవ స్టూడియో ఆల్బమ్ ‘నో రెయిన్, నో ఫ్లవర్స్’ 2025 ఆగస్టు 8న విడుదలైంది. పదకొండు పాటలున్న ఈ ఆల్బమ్‌ను మొదటిసారి ఒకే బిగిన విన్నప్పుడు నా చెవి అలవాటుకొద్దీ గిటార్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది, వెళ్ళిన చాలా చోట్ల దానికి పియానో ఎదురైంది. గిటార్ ఈ ఆల్బమ్‌లో లేకపోలేదు, కొన్ని పాటల్లో చాలా అందంగా కూడా ఉంది. అయితే ఇరవై ఏళ్ళకు పైగా ఈ బ్యాండులో పాటను ఎత్తుకునేదీ, మోసేదీ, దింపేదీ గిటారే కాబట్టి, ఇప్పుడు అది ఇతర వాద్యాలతో పాటు ఒక వరుసలో నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగడం నాకు కొత్తగా అనిపించింది. ఆ కొత్తదనం నచ్చిందా లేదా అని తేల్చుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. మరునాడు 2021లో వచ్చిన వాళ్ళ ఆల్బమ్ ‘డెల్టా క్రీమ్’ను విన్నాను, తర్వాతి వారం పాతవాటినన్నిటినీ వరుసగా విన్నాను, మళ్ళీ కొత్తదానికి వచ్చాను. ఆ ప్రయాణంలో నాకు అర్థమైన సంగతులను ఇక్కడ రాస్తున్నాను.

ఈ బ్యాండులో ఉన్నది ఇద్దరే. గిటార్ వాయిస్తూ పాడేది డాన్ ఆవర్‌బాక్, డ్రమ్స్ వాయించేది ప్యాట్రిక్ కార్నీ. ఇద్దరూ ఆక్రన్ నగరంలో ఒకే పేటలో పెరిగారు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్ వంటి కంపెనీలు పుట్టి పెరిగిన ఆ ఊరిని ఒకప్పుడు ప్రపంచ రబ్బరు రాజధాని అని పిలిచేవారు. వీళ్ళు ఎదిగే నాటికి ఆ కర్మాగారాల్లో చాలావరకు మూతపడ్డాయి. 2001లో ఆవర్‌బాక్ తన అప్పటి బృందంతో ఒక డెమో రికార్డు చేసుకుందామని కార్నీ ఇంటి నేలమాళిగకు వెళ్ళగా, బృందంలోని మిగతావారు రాలేదు. వచ్చినవాడూ, రికార్డు చేయవలసినవాడూ కలిసి వాయించుకున్నారు. బ్యాండు అక్కడ మొదలైంది. పేరు మాత్రం ఆక్రన్‌లో వాళ్ళకు పరిచయమున్న ఒక చిత్రకారుడి మాటల్లోంచి వచ్చింది. మానసిక అస్వస్థతతో బాధపడిన ఆయన తనకు సరిపడని మనుషులను పియానో మీది నల్ల మెట్లతో పోల్చి మాట్లాడేవాడు. హార్మోనియం చూసినవాళ్ళకు నల్ల మెట్టు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పేరులో మెట్లను పెట్టుకున్న ఈ బ్యాండు తొలి ఆల్బమ్‌లలో వాటి జోలికి దాదాపుగా వెళ్ళనే లేదన్న సంగతి, కొత్త ఆల్బమ్ విన్నాకే నా దృష్టికి వచ్చింది.

వాళ్ళ తొలి ధ్వని ఎక్కడిదో చెప్పకుండా ఇప్పటి మార్పును గురించి మాట్లాడడం కుదరదు. అమెరికా నల్లజాతివారి పాట అయిన బ్లూస్ అనగానే చాలామందికి మిసిసిపీ డెల్టా గుర్తుకు వస్తుంది. అది నది పక్కన పరుచుకున్న చదును నేల, పత్తి చేల సీమ. దానికి తూర్పున, ఆ రాష్ట్రం ఉత్తర భాగంలో గుట్టల ప్రాంతం ఒకటి ఉంది, అక్కడి సంగీతాన్ని హిల్ కంట్రీ బ్లూస్ అంటారు. మామూలు బ్లూస్ పాటలో పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) చక్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది, ఆ చక్రంలో మూడు కార్డులు, అంటే కలిసి మోగే స్వరాల గుంపులు, ఒక క్రమంలో మారుతూ పోతాయి. హిల్ కంట్రీలో ఆ మార్పు చాలా తక్కువ. ఒకే కార్డు మీద, ఒకే దరువు మీద పాట అయిదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు అలా సాగిపోతుంది. బొటనవేలు కింది తీగల మీద ఎడతెగకుండా నడుస్తూ ఉంటే మిగతా వేళ్ళు పై తీగల మీద పాట గొంతుతో పాటే కదులుతాయి. పశ్చిమ దేశాల సంగీతం విని పెరిగిన వారికి ఇది మొదట విసుగు పుట్టించవచ్చు గానీ, మన చెవికి దీనితో పేచీ ఉండవలసిన అవసరం లేదు. కచేరీ మొదటినుంచి చివరిదాకా తంబురా మీద ఒకే శ్రుతి మోగుతూ ఉంటుందని తెలిసిన మనిషి, ఆ శ్రుతి మారలేదని ఎన్నడూ ఫిర్యాదు చేయడు. దాని మీద గొంతు ఏం చేస్తున్నదో వింటాడు. జూనియర్ కింబ్రో పాటను నేను అలాగే విన్నాను, మొదటిసారే అది నాలోకి దిగిపోయింది.

కింబ్రో 1930లో పుట్టి 1998లో చనిపోయాడు. చులహోమా అనే చిన్న ఊరి దగ్గర ఆయన నడిపిన జూక్ జాయింటులో, అంటే ఆదివారం రాత్రుళ్ళు జనం చేరి తాగి ఆడే పాకలాంటి చోట, ఆయన పాట గంటల తరబడి సాగేది. ఆయన మొదటి ఆల్బమ్ ఆక్స్‌ఫర్డ్ పట్టణంలోని ఫ్యాట్ పాసమ్ సంస్థ ద్వారా 1992లో గానీ రాలేదు, అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. ఆ జూక్ జాయింటు 2000లో కాలిపోయింది. ఆయనకు సాటివాడైన ఆర్.ఎల్. బర్న్‌సైడ్ 2005 దాకా బతికాడు. ఆ గుట్టల్లోనే ఓథా టర్నర్ అనే మరో పెద్దాయన, కాల్చిన ఇనుప కడ్డీతో బొంగుకు రంధ్రాలు పొడిచి తానే పిల్లనగ్రోవి చేసుకుని, వెనుక డోళ్ళు మోగుతుండగా ఊరి విందుల్లో వాయించేవాడు. ఆ డోళ్ళ నడకే గిటార్‌లోకి దిగి హిల్ కంట్రీ దరువు అయిందని విన్నప్పుడు, సన్నాయీ డోలూ వెంట నడిచిన ఊరేగింపులు చూసిన నాకు అది నమ్మదగిన మాటగానే తోచింది.

ఆక్రన్ కుర్రాళ్ళు ఇద్దరూ ఈ సంగీతాన్ని పట్టుకున్నారు. 2002లో తొలి ఆల్బమ్, 2003లో ఫ్యాట్ పాసమ్ ద్వారానే ‘థిక్‌ఫ్రీక్‌నెస్’ వచ్చాయి. ఈ రెండవదాన్ని దాదాపు మొత్తంగా 2002 డిసెంబరులో, కార్నీ ఇంటి నేలమాళిగలో, 14 గంటల ఒకే సెషన్‌లో, టాస్కామ్ 388 అనే ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం మీద రికార్డు చేశారు. ఆ యంత్రంలో నడిచేది పావు అంగుళం టేపు. అంత సన్నని టేపు మీద ఎనిమిది ట్రాకులు ఇరుక్కున్నప్పుడు, దానిలోకి గట్టిగా వాయించిన డ్రమ్ము వెళ్ళినప్పుడు, శబ్దం అంచులు అరిగి, కాస్త నలిగి, దగ్గరగా వచ్చి మీద పడుతుంది. బ్యాండులో బేస్ గిటార్ లేదు కాబట్టి ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే పరికరం) పెట్టిన గిటారే కింది స్వరాల బరువునూ మోయవలసి వచ్చింది. గది చిన్నది, మైకులు కొన్నే, డ్రమ్స్ శబ్దం గిటార్ మైకులోకీ, గిటార్ శబ్దం డ్రమ్స్ మైకులోకీ కారుతూ ఉండేది. డబ్బు లేకపోవడం వల్ల వచ్చిన ఈ లక్షణాలన్నీ కలిసి బ్లాక్ కీస్ ధ్వని అనే ఒక గుర్తింపుగా మారాయి. 2004లో ‘రబ్బర్ ఫ్యాక్టరీ’ని మూతపడిన జనరల్ టైర్ కర్మాగారంలో ఒక అంతస్తులో రికార్డు చేశారు, దానికోసం మేడ మీదికి ఎక్కించిన పాత మిక్సింగ్ కన్సోల్ మరీ బరువుగా ఉండడంతో పని అయ్యాక దాన్ని అక్కడే వదిలేశారు. ఆ భవనాన్ని 2010లో కూల్చేశారు. 2006లో కింబ్రో పాటలను మాత్రమే వాయించి ‘చులహోమా’ అనే చిన్న రికార్డు తెచ్చినప్పుడు, దాని చివర కింబ్రో భార్య ఫోనులో వదిలిన మాటలను కూడా చేర్చారు. ఆ కొద్ది క్షణాల గొంతు వినడం కోసమే నేను ఆ రికార్డును చివరిదాకా ఉంచుతాను.

ధ్వనిలో తొలి పెద్ద మలుపు 2008లో వచ్చింది. అంతవరకూ తమ చేతులతో తామే రికార్డు చేసుకున్న ఇద్దరూ ‘అటాక్ అండ్ రిలీజ్’ కోసం మొదటిసారి ఒక పూర్తిస్థాయి స్టూడియోకు, నిర్మాత డేంజర్ మౌస్ దగ్గరకు వెళ్ళారు. ఈ కలయికకు మూలం పాతతరం సంగీతకారుడు ఐక్ టర్నర్ కోసం డేంజర్ మౌస్ వీళ్ళ చేత రాయించిన పాటలు. టర్నర్ 2007 డిసెంబరులో మరణించడంతో ఆ పథకం పూర్తి కాలేదు. కీబోర్డులు ఈ బ్యాండు పాటల్లోకి ధారాళంగా రావడం ఇక్కడే మొదలైంది. అయితే ఆ కీబోర్డులు గోడకు వేసిన రంగు వంటివి, గోడ మాత్రం గిటారూ డ్రమ్సే. 2025 ఆల్బమ్‌కూ దానికీ ఉన్న తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం.

‘బ్రదర్స్’ ఆల్బమ్ గురించి నేను కాస్త ఎక్కువ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఈ బ్యాండు మారగలదని, మారినా తానుగా ఉండగలదని నాకు నమ్మకం కలిగించినది అదే. 2009లో ఆవర్‌బాక్ తన సొంత ఆల్బమ్‌ను కార్నీకి చెప్పకుండా చేశాడు, అదే రోజుల్లో కార్నీ విడాకుల బాధలో ఉన్నాడు, ఇద్దరి మధ్య మాటలు తెగిపోయాయి. ఆ తర్వాత న్యూయార్క్‌లో ర్యాప్ గాయకులతో కలిసి ‘బ్లాక్‌రాక్’ అనే ఆల్బమ్ చేశారు. ర్యాప్ గొంతుకు చోటివ్వాలంటే గిటార్ తప్పుకోవాలి, బేసూ డ్రమ్సూ ముందుకు రావాలి. ఈ పాఠాన్ని వెంటబెట్టుకుని 2009 ఆగస్టులో అలబామాలోని మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోకు వెళ్ళారు. 1969లో మొదలైన ఆ స్టూడియోలో ఒకప్పుడు ఎందరో సోల్ గాయకులు పాడారు, రోలింగ్ స్టోన్స్ కూడా రికార్డు చేశారు. వీళ్ళు వెళ్ళేనాటికి ఆ భవనంలో పరికరాలంటూ లేవు, గది మాత్రమే ఉంది. తమ పరికరాలు తామే మోసుకుపోయి, పాటల్లో ఎక్కువ భాగాన్ని పది రోజుల్లో ముగించారు. చాడ్ బ్లేక్ మిక్సింగ్ చేశాడు. వినండి: డ్రమ్ము దెబ్బ పొట్టిగా, పొడిగా, చెవికి ఎంత దగ్గరగా ఉంటుందో, బేస్ ఎంత లావుగా కిందనుంచి నడుస్తుందో, ఆవర్‌బాక్ మొదటిసారి తన కీచుగొంతును ఎంత ధైర్యంగా పైకి ఎత్తుతాడో! ఈ ఆల్బమ్‌లో గిటార్ సగానికి సగం తగ్గింది, అయినా గిటార్ తగ్గిందని నాకు అప్పుడు తోచనే లేదు. తగ్గిన చోటును గది నింపింది. 2010 మేలో విడుదలైన ఆ ఆల్బమ్‌కు మూడు గ్రామీలు వచ్చాయి, వాటిలో ఒకటి కవర్ రూపకల్పనకు కార్నీ సోదరుడు అందుకున్నది. గోడలకు జ్ఞాపకం ఉంటుందన్న నమ్మకం నాకు లేదు గానీ, పైకప్పు ఎత్తూ, గోడల దూరమూ పాటలో వినిపిస్తాయన్నది మాత్రం నిస్సందేహంగా నిజం.

దాని తర్వాత ఇద్దరూ ఆక్రన్‌ను వదిలి నాష్‌విల్‌కు మకాం మార్చారు, ఆవర్‌బాక్ అక్కడ ఈజీ ఐ సౌండ్ అనే తన స్టూడియోను కట్టుకున్నాడు. 2011 డిసెంబరులో వచ్చిన ‘ఎల్ కమీనో’ 38 నిమిషాల పరుగు. దానితో వాళ్ళు పెద్ద మైదానాల బ్యాండు అయ్యారు. 2014లోని ‘టర్న్ బ్లూ’ నెమ్మదైనది, మబ్బు కమ్మినట్టుండేది, ఆవర్‌బాక్ విడాకుల నీడలో తయారైనది, బిల్‌బోర్డ్ 200 పట్టికలో వాళ్ళకు మొదటి స్థానం తెచ్చిన తొలి ఆల్బమ్ కూడా అదే. ఐదేళ్ళ విరామం తర్వాత 2019లో డేంజర్ మౌస్ లేకుండా, కీబోర్డులను పక్కన పెట్టి, గిటార్‌కు నమస్కారం అన్నట్టుగా ‘లెట్స్ రాక్’ చేశారు. మంచి పాటలే, కానీ నాకు దానిలో వెనక్కి తిరిగి నడవడమే ఎక్కువగా వినిపించింది.

అసలైన వెనుక నడక 2021లోని ‘డెల్టా క్రీమ్’. బర్న్‌సైడ్ పక్కన ఏళ్ళ తరబడి స్లైడ్ గిటార్ (తీగల మీద గొట్టం జార్చి పలికించే గిటార్) వాయించిన కెన్నీ బ్రౌన్‌నూ, కింబ్రో బృందంలో బేస్ వాయించిన ఎరిక్ డీటన్‌నూ నాష్‌విల్‌కు పిలిచి, ముందుగా సాధన ఏదీ చేయకుండా, రెండు మధ్యాహ్నాల్లో, మొత్తం పది గంటల్లో పదకొండు హిల్ కంట్రీ పాటలు రికార్డు చేశారు. నేలమాళిగలో ఇద్దరుగా అరిచి వాయించిన అదే సంగీతాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత ఒక బృందంగా, నిదానంగా, గుర్రుపెట్టే పిల్లిలాంటి గిటార్లతో వాయించడం వింటే, ఎక్కడికి తిరిగి రావాలో తెలిసిన మనుషులు వీళ్ళు అనిపించింది. పాట ఎక్కడ ముగుస్తుందో వాయించేవారికే తెలియదు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆపుతారు. అది చెవికి తెలుస్తుంది.

అక్కడినుంచి కొత్త ఆల్బమ్‌కు దారి ఎలా పడిందన్నది నన్ను బాగా ఆలోచింపజేసింది. 2022లోని ‘డ్రాపౌట్ బూగీ’లో బయటి రచయితలను మొదటిసారి తమ గుంపులో కూర్చోబెట్టుకున్నారు, జీజీ టాప్ గిటారిస్టు బిల్లీ గిబన్స్ కూడా ఒక పాటకు వచ్చాడు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఒహాయో ప్లేయర్స్’లో ఆ తలుపు పూర్తిగా తెరుచుకుంది: బెక్, నోయెల్ గాలఘర్, డాన్ ది ఆటోమేటర్ వంటివారు పాటల రచనలో భాగమయ్యారు. ఈ మార్పుకు మరొక మూలం వాళ్ళ రికార్డుల సరదా. కొన్నేళ్ళుగా ఇద్దరూ చిన్న హాళ్ళలో తమ దగ్గరున్న పాత 45 ఆర్‌పీఎం రికార్డులను తామే వేసి జనాన్ని ఆడించే సభలు జరుపుతున్నారు. అటువంటి సభలో ఒక రికార్డు నేలను ఊపిందా లేదా అన్నది మూడు నిమిషాల్లో తేలిపోతుంది, ఎనిమిది నిమిషాల కింబ్రో పాటకు అక్కడ చోటు తక్కువ. రాత్రంతా జనం కాళ్ళు చూస్తూ రికార్డులు మార్చినవాడు మరునాడు స్టూడియోలో పాట కట్టేటప్పుడు ఆ కాళ్ళను మరిచిపోలేడు. అదే 2024లో తలపెట్టిన ఉత్తర అమెరికా అరీనాల (వేలమంది పట్టే పెద్ద మందిరాల) పర్యటన రద్దయింది. హఠాత్తుగా ఖాళీ అయిన ఆ నెలల్లో మళ్ళీ స్టూడియోలోకి వెళ్ళి వాళ్ళు చేసిన పాటలే ‘నో రెయిన్, నో ఫ్లవర్స్’. వాన పడకపోతే పూలు పూయవన్న ఆ పేరును ఆ సందర్భంలో పెట్టి చదివితే, అది గోడ మీది సూక్తిలా కాక దెబ్బ తిన్న మనుషులు ఒకరికొకరు చెప్పుకున్న మాటలా వినిపిస్తుంది.

ఈసారి పిలిచినవారి జాబితానే ధ్వనిని నిర్ణయించింది. రిక్ నోవెల్స్ 1987లో బెలిండా కార్లైల్‌కు పెద్ద విజయం తెచ్చిన పాట రచయితల్లో ఒకడు. లానా డెల్ రే కోసం ఎన్నో పాటలు రాసినవాడు, ఆమె 2014 ఆల్బమ్‌కు నిర్మాతగా పనిచేసింది ఆవర్‌బాకే కాబట్టి దారి అప్పుడే పడింది. స్కాట్ స్టార్చ్ ది రూట్స్ బృందంలో తొలి రోజుల కీబోర్డు వాద్యకారుడు, డాక్టర్ డ్రే పాటలో ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ పియానో మెట్టు ఆయన వేళ్ళదే. డేనియల్ టాషియన్ 2018లో కేసీ మస్‌గ్రేవ్స్ చేసిన ‘గోల్డెన్ అవర్’ నిర్మాతల్లో ఒకడు. డెస్మండ్ చైల్డ్ బాన్ జోవికి అరీనాలను దద్దరిల్లించే పాటలు రాసిపెట్టాడు. వీరిలో ఎవరూ ఒకే కార్డు మీద ఎనిమిది నిమిషాలు కూర్చునేవారు కాదు. పాట అంటే పల్లవి ఎప్పుడు రావాలి, దానికి ముందు రెండు వాక్యాలు ఎంత ఎత్తుకు తీసుకుపోవాలి, మూడవ చరణం దగ్గర వినేవాడికి ఏ కొత్త మలుపు ఇవ్వాలి అని లెక్క వేసి కట్టే పనివాళ్ళు వాళ్ళు. ఆ లెక్క కుదరాలంటే కార్డులు కదలాలి, కార్డులు కదలాలంటే పియానో అంత సులువైన సాధనం మరొకటి లేదు. అందువల్ల గిటార్ వెనక్కి తగ్గడానికి అభిరుచి మారడం ఒక్కటే కారణం కాదని నేను అనుకుంటున్నాను. పాట పుట్టే చోటు మారింది. రిఫ్ నుంచి, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగివచ్చే చిన్న గిటార్ వరుస నుంచి, పుట్టే పాట తంబురా శ్రుతిలా నిలబడి ఉంటుంది, పియానో ముందు కూర్చుని కట్టే పాట మెట్లెక్కి దిగుతూ ఉంటుంది.

స్టార్చ్ చేయి ‘బేబీగర్ల్’లో స్పష్టంగా తెలుస్తుంది. పియానో మొదటే బల్ల గుద్దినట్టు వచ్చి కూర్చుంటుంది, కార్నీ డ్రమ్ము దాని పక్కన సర్దుకుంటుంది, గిటార్ తర్వాత వచ్చి ఖాళీలు చూసుకుని మాట్లాడుతుంది. పియానోను తీగ వాద్యంలా కాక దరువు వాద్యంలా వాయించడం స్టార్చ్ హిప్‌హాప్ నుంచి తెచ్చిన విద్య, అది కార్నీ దెబ్బకు బాగా జత కుదిరింది. ఈ పాటను నేను మొదట ఇష్టపడలేదు, నాలుగవసారికి అది నా రోజులోకి వచ్చి చేరింది. నోవెల్స్‌తో కట్టిన, ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట మరోలా ఉంటుంది. అది 1970ల నాటి అమెరికా రేడియోలో మధ్యాహ్నం పూట వినిపించే పాటలా మెత్తగా మొదలై, పల్లవి దగ్గర కొంచెం వెలుతురు తెచ్చి, అంతకు మించి ఏమీ అడగదు. ఆవర్‌బాక్ గొంతు ఈ ఆల్బమ్‌లో ఎప్పటికంటే బాగుంది. ఒకప్పుడు టేపు నలిపేసిన గొంతు ఇప్పుడు తేటగా, వయసు తెచ్చిన సన్నని గరుకుతో, మాటల చివర్లు వదలకుండా పాడుతుంది. పాతరోజుల ఫజ్ కోసం దిగులు పడేవారికి ‘మ్యాన్ ఆన్ ఎ మిషన్’ ఉంది, అక్కడ గిటార్ నోటినిండా మాట్లాడుతుంది. అంత గట్టి పాటను ఆల్బమ్ మధ్య దాటాక ఉంచడం నాకు బాగా నచ్చింది, అది లేకపోతే రెండవ సగం మరీ నునుపుగా జారిపోయేది.

అయినా అన్నీ ఒప్పుకోలేను. రెండు మూడు పాటలు మరొక గాయకుడి ఆల్బమ్‌లో ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. వాటిలో పల్లవి సరిగ్గా రావలసిన చోట వస్తుంది, వెనుక గొంతులు చేరవలసిన చోట చేరతాయి, అందువల్లనే నాకు లోటు తోస్తుంది. వాటిలో ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఆపే క్షణం లేదు. ‘బ్రదర్స్’లో గిటార్ తగ్గినప్పుడు ఆ ఖాళీలో గది వినిపించింది. ఇక్కడ ఆ ఖాళీలో మరో కీబోర్డు, మరో వెనుక గొంతు వచ్చి కూర్చున్నాయి. వాద్యాలు పెరగడం తప్పు కాదు, కానీ ఈ ఇద్దరి పాటలో ఖాళీ అనేది మూడవ వాద్యకారుడిలా ఉండేది, దానికి ఈసారి పని తగ్గింది. గిటార్ తగ్గినందుకు పాత అభిమానులు కొందరు బాధపడుతున్నారు గానీ, నా బాధ గిటార్ గురించి కాదు, ఆ ఖాళీ గురించి.

పాతకాలపు ధ్వని చేస్తారని ఈ బ్యాండును మొదటినుంచీ అంటూ వచ్చారు. ఆ మాటను ఒక ప్రశంసగానూ, ఒక నిందగానూ కూడా వాడారు. వరుసగా విన్నాక నాకు తోచిందేమిటంటే, వీళ్ళ పాతకాలం ఎప్పుడూ ఒకచోట నిలబడి లేదు. 2003లో అది కింబ్రో జూక్ జాయింటు, 2010లో అది మజిల్ షోల్స్ సోల్, 2011లో గ్యారేజీ రాక్ పరుగు, 2025లో అది 1970ల రేడియో, దానితో పాటు 1990ల హిప్‌హాప్ పియానో కూడా. మా ఇంట్లో పాత పాటలు అంటే నా తల్లిదండ్రులకు ఒక దశాబ్దం, నాకు మరొక దశాబ్దం. ఎవరి పాత వారిది, అది కూడా వయసుతో పాటు జరుగుతూ ఉంటుంది. ఆవర్‌బాక్, కార్నీ ఇద్దరికీ ఇప్పుడు నలభై అయిదు దాటుతున్నాయి. ఇరవై ఏళ్ళప్పుడు తమకంటే ఎంతో పెద్దదైన సంగీతంలో ఇల్లు వెతుక్కున్నవాళ్ళు, ఇప్పుడు తాము చిన్నతనంలో కారు రేడియోలో విన్న సంగీతానికి చేరారంటే దానిలో నాకు ద్రోహం కనబడదు.

ఇన్ని మారినా మారనిది కార్నీ డ్రమ్ము. నేలమాళిగలో, కర్మాగారంలో, అలబామాలో, నాష్‌విల్‌లో, ఎక్కడైనా సరే, ఆయన దెబ్బ తాళానికి వెంట్రుకవాసి వెనక పడుతుంది. కాలు బరువుగా దిగుతుంది, చేయి కొంచెం ఆలస్యంగా వస్తుంది. శిక్షణ పొందిన డ్రమ్మర్లు దాన్ని దిద్దాలనుకుంటారేమో. స్టార్చ్ పియానో దాన్ని దిద్దలేదు, దానికి ఒదిగింది. కొత్త ఆల్బమ్‌ను మొదటిసారి విని ఇది వీళ్ళదేనా అని సందేహించిన రాత్రి, నన్ను ఆపి కూర్చోబెట్టింది ఆ ఆలస్యపు దెబ్బే. నా గిటార్ మీద కింబ్రో నడకను నేర్చుకోవాలని కొన్ని నెలలుగా ప్రయత్నిస్తున్నాను. బొటనవేలిని ఆపకుండా నడపడం ఎలాగో వచ్చింది, ఆ వెంట్రుకవాసి వెనకపాటు మాత్రం చేతికి రావడం లేదు.

చివరి పాట ‘నియాన్ మూన్’ నెమ్మదిగా, దీపం తగ్గించినట్టు ముగుస్తుంది. అది అయిపోయాక నేను చాలాసార్లు ‘డెల్టా క్రీమ్’ మొదటి పాటను వెంటనే వేసుకుంటున్నాను. రెంటి మధ్య నాలుగేళ్ళే ఉన్నాయి, స్టూడియో కూడా అదే. ఒకదానిలో స్లైడ్ గిటార్, ఇంకొకదానిలో పియానో, రెంటి కింద అదే దరువు. కెన్నీ బ్రౌన్ స్లైడ్‌నూ, స్కాట్ స్టార్చ్ పియానోనూ ఒకే గదిలో కూర్చోబెట్టి, ముందుగా ఏమీ రాసుకోకుండా, మళ్ళీ రెండు మధ్యాహ్నాల్లో ఒక ఆల్బమ్ చేస్తే ఎలా ఉంటుందో వినాలని ఉంది.